వాగులో ఆగిన జీపు

విశాఖ మన్యమున వర్షములు పట్టినవనగా దారి యను మాటకు అర్థమే మారిపోవును. నిన్నటివరకు చెప్పులు తడియకుండ దాటిన వాగు నేడు మోకాలిలోతు నీటితో పారుచుండును. సంతకు పోవువారికి, ఆసుపత్రికి పోవువారికి, సెలవులకు ఇల్లు చేరగోరు విద్యార్థులకు అట్టి దారులలో ఆధారమైనది జీపు. అది నేలకు ఎత్తుగా నిలిచియుండును. రాళ్ళను, గుంతలను లెక్కసేయదు. కొన్నింటిలో నాలుగు చక్రములును ఇంజను బలముచే తిరుగును. అందుచే జీపు ఎట్టి వాగునైనను దాటగలదని ప్రజలలో ఒక విశ్వాసము పాతుకొనిపోయినది. ఆ విశ్వాసములో సగము నిజము. తక్కిన సగమును గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక సంతనాడు నేను పాడేరునకు ఆవల ఒక గ్రామమునుండి అద్దె జీపులో తిరిగి వచ్చుచుంటిని. జీపు యజమానియే దానిని నడపుచుండెను. ముప్పది యేండ్ల యువకుడు. అప్పుచేసి కొన్న బండి, వాయిదాలింకను తీరలేదు. లోపల పదిమందిమి, పసుపు మూటలు, రెండు కోళ్ళ గంపలు. దారిలో వాగు అడ్డము వచ్చెను. ఉదయము మేము దాటినదే; కాని పైన వాన కురిసినట్లున్నది, నీరు ఎఱ్ఱబారి కొంత పెరిగియుండెను. అతడు ఒక్కక్షణము చూచి బండిని దింపెను. నడివాగునకు వచ్చునప్పటికి ఆవలి ఒడ్డునుండి ఒక లారీ వేగముగా దిగెను. అది లేపిన అల మా బానెట్టుపైకి ఎక్కెను. ఇంజను ముక్కినట్లొక ధ్వనిచేసి ఆగిపోయెను.

అందరమును దిగి, నీటిలో నిలిచి, బండిని ఒడ్డునకు త్రోసితిమి. ప్రొద్దు వాలుచుండెను. "ఒక్కపాలి సెల్ఫు కొట్టి చూడు బాబూ!" అని ఒక ముసలాయన అనెను. ఆ యువకుడు నావంక తిరిగి, "మాస్టారూ, తమరేటంటారు?" అని అడిగెను. నేను యంత్రశాస్త్రము బోధించువాడనని అతడెరుగును. చెప్పవలసిన మాటయు నాకు తెలియును. కాని రాత్రి బస్సు తప్పిపోవునను తొందర నన్నును పట్టియుండెను. "చూడు మరి" అంటిని.

సెల్ఫు కొట్టగనే ఇంజను రెండు మూడు చుట్లు తిరిగి అంటుకొనెను. అందరి ముఖములును వికసించెను. ఆ సంతోషము రెండు క్షణములు మాత్రమే. సమ్మెటతో ఇనుపదిమ్మెను కొట్టినట్లు ఒక చప్పుడు వినవచ్చినది. పిదప బండి క్రింద నల్లని నూనె కారజొచ్చెను. షెడ్డులో విప్పి చూడగా ఒక కనెక్టింగు రాడ్డు వంగి విరిగి, ఇంజను బ్లాకు ప్రక్కగోడను పొడుచుకొని వెలుపలికి వచ్చియుండెను.

నీరు మెత్తనిది గదా, ఉక్కును విరుచుట యెట్లని మీకు సందేహము కలుగవచ్చును. దీనికి సమాధానము ఇంజను లోపలి స్థలమును లెక్కవేసినచో తెలియును. ఇంజనులోని సిలిండరు ఒక గొట్టము. దానిలో పిస్టను క్రిందికి మీదికి ఆడుచుండును. క్రిందికి దిగునప్పుడు గాలిని లోనికి పీల్చును. మీదికి వచ్చునప్పుడు ఆ గాలిని ఇరుకుచోట నొక్కును. అట్లు నొక్కబడి వేడెక్కిన గాలిలో డీజిలును చిమ్మగా అది మండి పిస్టనును క్రిందికి నెట్టును. ఆ నెట్టుడును క్రాంకుషాఫ్టునకు అందించునదే కనెక్టింగు రాడ్డు.

రెండు లీటర్ల డీజిలు ఇంజనును తీసికొందము. నాలుగు సిలిండర్లలో ఒక్కొక్కదానిలో పిస్టను ఊడ్చు చోటు 500 ఘన సెంటీమీటర్లు. గాలిని నొక్కు నిష్పత్తి 17కు 1 అనుకొన్నచో, పిస్టను పూర్తిగా మీదికి వచ్చినప్పుడు పైన మిగులు చోటు సుమారు 31 ఘన సెంటీమీటర్లు. అనగా రెండు పెద్ద చెంచాల నీరు పట్టునంత! అంతే పరిమాణము గల పెట్రోలు ఇంజనులో నిష్పత్తి 10కి 1 అయినచో మిగులు చోటు సుమారు 55 ఘన సెంటీమీటర్లు. కావున ఇంజను చెడుటకు వాగంతయు దానిలో ప్రవేశింపనక్కరలేదు; చిన్న టీ గ్లాసులో సగము నీరు ఒక్క సిలిండరులోనికి పోయిన చాలును.

గాలి నొక్కిన కొలదియు ఇమిడిపోవును. నీటికి ఆ గుణము లేదు. నీటి పరిమాణమును నూటికి ఒక్క వంతు తగ్గింపవలెనన్నను వాతావరణ పీడనమునకు 200 రెట్లు మించిన ఒత్తిడి కావలెను. ఇంజను నిమిషమునకు 2,000 చుట్లు తిరుగుచుండగా పిస్టను క్రిందినుండి మీదికి వచ్చుటకు పట్టు కాలము సెకనులో 66వ వంతు. పైన నీరున్నది, అది తగ్గదు. క్రింద బరువైన ఫ్లైవీలున్నది, అది ఆగదు. ఈ రెండింటి నడుమ చిక్కినది కనెక్టింగు రాడ్డు. అది వంగును, లేదా విరుగును. ఒక్కొక్కప్పుడు కొంచెము మాత్రమే వంగి, బండి నడచుచునే యుండును. యజమాని గండము గడచినదని సంతోషించును. కొన్ని వారములకో నెలలకో వంగిన ఆ రాడ్డు అలసి, నడిరోడ్డుమీద విరిగిపోవును.

మా జీపులో జరిగినదిది. ఇంజను వాగులో నెమ్మదిగా తిరుగుచుండుటచే, నీరు తగులగనే రాడ్డు విరుగకముందే ఆగిపోయినది. అది అదృష్టము. కాని ఎయిర్ ఫిల్టరు డబ్బాలోను, దానినుండి ఇంజనునకు పోవు గొట్టములోను నీరు నిలిచియుండెను. సెల్ఫు కొట్టి ఇంజనును నడిపించినప్పుడు ఆ నిలిచిన నీటిని అది ఒక్క గుక్కలో పీల్చుకొన్నది. వాగు చేయని పనిని మేము ఒడ్డున చేసితిమి.

నీరు ఇంజనులోనికి పోవు ద్వారము గాలి పీల్చు గొట్టపు మూతి. అది సాధారణముగా బానెట్టు క్రింద ముందువైపున ఉండును. బండి ఎంతలోతు నీటిలో పోవచ్చునో తయారీదారులు తమ పుస్తకములో వ్రాయుదురు. 2020లో వెలువడిన మహీంద్రా థారునకు ఆ లోతు 650 మిల్లీమీటర్లని చెప్పిరి. అనగా పెద్దవాని మోకాలికి కొంచెము పైన. అదే సంవత్సరము అమ్మకమునకు వచ్చిన ల్యాండ్ రోవర్ డిఫెండరునకు, గాలితో ఎత్తును పెంచుకొను సస్పెన్షను అమర్చినప్పుడు, 900 మిల్లీమీటర్లు. ఈ అంకెలు నెమ్మదిగా నడుపు బండికి చెప్పినవి. వేగముగా దూకించు బండికిగాని, ఎదుటి లారీ లేపు అలకుగాని వర్తింపవు. నీరు చక్రపు నడిమివరకే యున్నను అల బానెట్టును ముంచగలదు.

కొందరు గాలి గొట్టపు మూతిని కప్పు ఎత్తువరకు తీసికొనిపోవు స్నార్కెలును అమర్చుకొందురు. అది మంచిదే. కాని నడుమనున్న అతుకులలో ఒక్కటి వదులైనను ప్రయోజనము లేదు. అదియును గాక, నీరు చేరునది ఇంజనులోనికి మాత్రమే కాదు. ప్రయాణమువలన వేడెక్కిన వెనుక ఇరుసు హౌసింగు చల్లని నీటిలో మునుగగనే లోపలి గాలి కుంచించుకొని, గాలిరంధ్రముగుండను, సీళ్ళగుండను నీటిని పీల్చును. లోపలి ఆయిలు పాలు కలిపిన టీవలె మారును. అట్టి ఆయిలుతో నడచిన పండ్లచక్రములు త్వరగా అరిగిపోవును. కావున లోతైన వాగు దాటిన బండికి ఇంజనులోను, గేరుబాక్సులోను, ఇరుసులలోను ఆయిలును పరీక్షింపవలెను, తెల్లబారినచో మార్పింపవలెను.

మన్యపు వాగులు మాకెక్కడివని పట్టణములలోని శ్రోతలు అనుకొనరాదు. 2020 అక్టోబరులో హైదరాబాదు వీధులలోను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలలోను ఇంటిముందు నిలిపిన బండ్లు మునిగిపోవుట మనమెరిగినదే. నిలిచియున్న బండిలో ఇంజను తిరుగదు గనుక, నీట మునిగినంతమాత్రమున రాడ్డు విరుగదు. నీరు తీసిన మరునాడు, ఎట్లున్నదో చూతమని తాళపుచెవి త్రిప్పినప్పుడే ప్రమాదము. మన దేశమున సాధారణ మోటారు భీమాలో ఇట్లు నీరు చేరిన ఇంజనును నడిపించుటవలన కలిగిన నష్టమును, వరద నష్టముగా గాక, యజమాని చేతలవలన కలిగిన నష్టముగా పరిగణించి కంపెనీలు తరచుగా సొమ్ము నిరాకరించును. ఇంజను రక్షణకు ప్రత్యేకముగా అదనపు ప్రీమియము చెల్లించు పద్ధతి కలదు. దాని షరతులను వర్షములకు ముందే చదువుకొనుట మేలు.

ఇక వాగు దాటవలసివచ్చినప్పుడు పాటింపదగినవి చెప్పెదను. మొట్టమొదట బండిని నిలిపి, దిగి చూడవలెను. పారు నీటిలో ఒక అడుగు లోతు చిన్నకార్లను, రెండడుగుల లోతు జీపులవంటి పెద్దబండ్లను సైతము కొట్టుకొనిపోజాలును. నీరు వడిగా పారుచున్నను, అడుగు కనబడకున్నను, నిన్న దాటితిమిగదా యని నేడు దిగరాదు. వాగులు తరచుగా కొన్ని గంటలలో తగ్గును. ఒడ్డున కూర్చుండుట అవమానము కాదు. నీరు నెమ్మదిగానుండి లోతు తక్కువయని నిశ్చయమైనప్పుడే దిగవలెను. ఎదుటినుండి వచ్చు బండి దాటిన పిదపనే మన బండిని దింపవలెను. చిన్న గేరులో, మనిషి నడచునంత వేగముతో, నడుమ గేరు మార్చక, ఆపక పోవలెను. ఆవలి ఒడ్డు చేరిన పిదప బ్రేకులను రెండు మూడు మార్లు మెల్లగా నొక్కి తడి ఆర్చుకొనవలెను.

నడుమ ఇంజను ఆగిపోయినచో, నీరు పెరుగుచున్నయెడల బండిని విడిచి మనుష్యులు ముందు ఒడ్డు చేరవలెను. బండికి వెల కలదు, ప్రాణమునకు లేదు. నీరు నిలకడగానున్నచో బండిని త్రోసియో, త్రాటితో లాగియో ఒడ్డునకు చేర్పవలెను. లాగునప్పుడు గేరులో నుంచరాదు. చక్రములు తిరిగిన ఇంజనును తిరుగును. పిమ్మట బ్యాటరీ తీగను ఊడదీసి, ఎయిర్ ఫిల్టరు డబ్బాను తెరచి చూడవలెను. ఫిల్టరు పొడిగానున్నచో చాలవరకు భయము లేదు. తడిగానున్నచో మెకానిక్కు వచ్చువరకు సెల్ఫును ముట్టరాదు. అతడు పెట్రోలు బండిలో స్పార్కు ప్లగ్గులను, డీజిలు బండిలో గ్లో ప్లగ్గులనో ఇంజెక్టర్లనో తీసి, ఇంజనును త్రిప్పి, లోని నీటిని ఆ రంధ్రములగుండ వెలుపలికి పోనిచ్చును. గాలి గొట్టములను ఆరబెట్టి, ఆయిలు మార్చి, ప్రతి సిలిండరునందును గాలి ఒత్తిడిని కొలుచును. ఒకదానిలో అది తక్కువగానున్నచో రాడ్డు వంగినదేమోయని అనుమానింపవలెను. ఇదంతయు ఒక పూటపని, ఖర్చును భరింపదగినదే. విరిగిన ఇంజను సంగతి వేరు.

ఆ యువకుని జీపు ఆ ఏడు పసుపు అమ్మకముల కాలమంతయు షెడ్డులోనే యుండెను. పాత ఇంజనునకు మారుగా మరియొకటి కొని బిగించుటకు అతడు మరల అప్పుచేసెను. నాకు చేతనైనంత సాయము చేసితిని, అది చాలలేదు. తరువాత ఒకమారు ఆ దారినే అతని బండిలో పోయితిని. వాగు వద్ద అతడు దిగి, తాళపుచెవిని చొక్కాజేబులో వేసికొని, వెదురుకఱ్ఱతో లోతు చూచి వచ్చెను. "గంటసేపు ఆగుదాం మాస్టారూ" అనెను. ప్రయాణికులు గొణిగిరి. ఈమారు నేను మౌనముగా నుండలేదు. అతడు చెప్పినదే మంచిదని గట్టిగా పలికితిని.

మీలో అనేకులు బండి నడుపువారు కాకపోవచ్చును. అయినను ఎప్పుడో ఒకప్పుడు నీటిలో ఆగిన బండిలో కూర్చుండు అవసరము మీకును రావచ్చును. అప్పుడు డ్రైవరు మీ ముఖము చూచును. "ఒక్కసారి కొట్టి చూడు" అను మాట నోటివరకు వచ్చును. ఆ మాటను ఆపి, "ముందు ఫిల్టరు తీసి చూడు నాయనా" అని చెప్పుడు. నేను ఆనాడు చెప్పవలసియుండి చెప్పని మాట అదియే.