నారదుడి జాబితా



చదువుకున్నవాడు ఎక్కడైనా తడబడితే చాలు, ‘చదవేస్తే ఉన్న మతి పోయింది’ అనేస్తాం. ఆ సామెతలో నిజం కొంచెమే. సుఖం మాత్రం చాలా ఉంది, ముఖ్యంగా చదవనివాడికి. జ్ఞానం వేరు, వివేకం వేరు అని విడదీసి, రెండోదాన్ని పొగుడుతూ మొదటిదాన్ని తప్పించుకోవడం మన వేదికల మీదా అలవాటే. ఎవరి పేరిట ఇవాళ ఇక్కడ చేరామో ఆ మాస్టారికి ఈ ధోరణి గిట్టేది కాదు. అందుకే ఛాందోగ్యోపనిషత్తు ఏడో అధ్యాయం ఎత్తుకుంటున్నాను.

నారదుడు సనత్కుమారుణ్ణి బోధించమని అడుగుతాడు. నీకు తెలిసిందేదో ముందు చెప్పు, ఆపై సంగతి చెబుతానంటాడు ఆయన. నారదుడు వరసపెడతాడు: నాలుగు వేదాలు, ఇతిహాస పురాణాలు, వ్యాకరణం, గణితం, తర్కం, నీతి, నిధులు కనిపెట్టే శాస్త్రం, యుద్ధవిద్య, నక్షత్రవిద్య, చివరికి పాముల విద్య కూడా. ఇంతా చెప్పి, తనకు మంత్రాలే తెలుసనీ ఆత్మ తెలియదనీ, దుఃఖంలో ఉన్నాననీ అంటాడు.

దీన్ని చదువు ఓడిపోయిన కథగా చెబుతారు చాలామంది. నేను ఒప్పుకోను. అదంతా నామమేనని సనత్కుమారుడు అన్నమాట నిజమే. వెంటనే ఆ నామాన్నే ఉపాసించమన్నాడు కూడా. అక్కణ్ణించి వాక్కు, మనస్సు, సంకల్పం అంటూ ప్రాణం దాకా 15 మెట్లు. ఒక్కో మెట్టు దగ్గర నారదుడు, దీనికంటే గొప్పది ఉందా అని అడుగుతూనే ఉంటాడు. ప్రాణం దగ్గరికొచ్చేసరికి అడగడం మానేస్తాడు. అప్పుడు గురువే పూనుకుని భూమ, అంటే అనంతం, దాకా తీసుకెళ్తాడు. అన్ని విద్యలు నేర్చినవాడికి కూడా ఒకచోట ఇక చాలనిపించింది చూడండి!

ఆ మెట్లలో విజ్ఞానం ఏడోది. దానిపైన ఏముంది? బలం. బలవంతుడొక్కడు వందమంది విజ్ఞానవంతుల్ని గడగడలాడిస్తాడట. బలం పైన అన్నం. పది రోజులు తినకపోతే మనిషి బతికున్నా చూడలేడు, వినలేడు, ఆలోచించలేడు. ఇంత మొహమాటం లేని తత్వశాస్త్రం అరుదు.

ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు ఇదే సంగతి కొడుకు మీద పరీక్షించి చూపిస్తాడు. శ్వేతకేతు పన్నెండో ఏట గురుకులానికి వెళ్లి, 24 ఏళ్లవాడై, బోలెడు గర్వంతో తిరిగొచ్చాడు. 15 రోజులు తిండి మానేసి, నీళ్లు మాత్రం తాగమన్నాడు తండ్రి. ఆ తర్వాత వేదం చెప్పమంటే ఒక్క ఋక్కూ గుర్తుకు రాలేదు. భోంచేసి రమ్మన్నాడు. తినొచ్చాక అడిగినవన్నీ చెప్పాడు. పన్నెండేళ్ల చదువూ అన్నం మీద నిలబడి ఉందని కుర్రాడికి అప్పుడు తెలిసింది.

జ్ఞానమా వివేకమా అనే తగువు గ్రీకుల దగ్గరా ఉంది. చిన్న వయసులో జ్యామితి పట్టుబడుతుంది గాని లోకవ్యవహారంలో వివేకం పట్టుబడదని అరిస్టాటిల్ అంటాడు. తేలిక మాంసం అరుగుతుందని తెలిసి, ఏది తేలికో తెలియనివాడికంటే, కోడిమాంసం మంచిదని తెలిసినవాడు నయమంటాడు. ఈ రెండోవాడికి చదువు అక్కర్లేదని కాదు దీనర్థం. విడివిడి సంగతులు తెలియడం కూడా తెలియడమే, దానికి ఏళ్లు పడుతుంది, అంతే.

శ్వేతకేతు కథ ఇంకొకటి ఉంది. పాంచాల సభలో ప్రవాహణ జైవలి అనే రాజు ఐదు ప్రశ్నలు వేస్తే ఒక్కదానికీ జవాబు చెప్పలేక, అన్నీ నేర్పానన్నారే అని తండ్రి మీద విరుచుకుపడ్డాడు. నాకు తెలిస్తే చెప్పనా అన్నాడు తండ్రి. ఆ ఐదూ ఇద్దరికీ తెలియవు. బృహదారణ్యకోపనిషత్తు చెప్పిన తీరులో, పద, ఇద్దరం వెళ్లి ఆ రాజు దగ్గర శిష్యులుగా ఉందామంటాడు తండ్రి. మీరే వెళ్లండంటాడు కొడుకు. పెద్దాయన ఒక్కడే వెళ్లాడు. వరం కోరుకోమంటే, సిరిసంపదలు తన దగ్గర ఉన్నాయనీ, కుర్రాణ్ణి అడిగిన ఆ సంగతే తనకు చెప్పమనీ రాజును అడిగాడు.