పేడపురుగు నేర్పిన దుక్కి

మన వరంగల్ నల్లరేగడిలో తడి మీద రోటావేటర్ దింపితే బ్లేడ్లకు బంకమట్టి పట్టేస్తుంది, డీజిల్ ఎక్కువ కాలుతుంది. అదే మట్టిలో దూరే పేడపురుగుకు మాత్రం మట్టి అంటదు. దాని తలమీద సన్నటి బుడిపెలుంటాయి. వాటి సందుల్లో గాలి చేరి, మట్టిని అతికించే నీటిపొర తెగిపోతుంది. చైనాలోని జిలిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నాగలి రెక్కకు అలాంటి బుడిపెలే పెట్టారు. లాగే బలం తగ్గింది. సొరంగాలు తవ్వే మోల్ అనే జంతువు గోళ్ల వంపును రోటరీ బ్లేడ్లకు ఇచ్చినా తిప్పే భారం తగ్గింది. గట్లు తవ్వే పందికొక్కును తిట్టుకుంటాం గానీ, దాని గోళ్లూ చూడదగ్గవే! ఆరడుగుల రోటావేటర్‌కు సాధారణంగా 42 బ్లేడ్లు. ఒక్కోదానిపై తగ్గే కాస్త భారమూ రైతుకు లాభమే. అలాంటి బ్లేడ్లు మన ఊళ్లకు వచ్చేదాకా, పిడికెడు మట్టి పట్టి చూడండి. పొడిపొడిగా రాలితేనే పదును. అప్పుడే దున్నండి.