సగం పూట పని: అడిగే ముందు, సంతకం పెట్టే ముందు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవారము, వకీలు కాము. అయితే అర్జీ రాయాలన్నా, ఫారం నింపాలన్నా మనవాళ్లు సాయంత్రం పూట మా ఇంటికి వస్తుంటారు. అలా వచ్చే కాగితాలలో రాజీనామాలు కూడా ఉంటాయి. కారణం అడిగితే, చాలామందికి యజమానితో తగవేమీ ఉండదు. అమ్మీకి జబ్బు, లేదా ఇంట్లో చంటిబిడ్డ, లేదా తమకే గుండె ఆపరేషన్. ఎనిమిది గంటలు చేయలేరు, నాలుగు గంటలు చేయగలరు. కాని నాలుగు గంటల పని అడగవచ్చునన్న ఆలోచనే రాదు. చేస్తే పూర్తిగా చేయాలి, లేదా మానెయ్యాలి అనుకుంటారు. ఈ రెండింటి మధ్య ఇంకొక దారి ఉన్నదని, ఆ దారిలో గుంతలు కూడా ఉన్నవని మనవి చేయడానికే ఈరోజు మీ ముందు నిలబడ్డాము.

ముందుగా చట్టం మాట. ప్రైవేటు ఉద్యోగంలో పని గంటలు తగ్గించి తీరాలని పట్టుబట్టే హక్కు మన దేశంలో సాధారణంగా లేదు. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి సెలవును 26 వారాలకు పెంచారు. సెలవు తరువాత ఇంటి నుంచి పని చేసే వీలు కూడా చేర్చారు. అది కూడా పని స్వభావాన్ని బట్టి, యజమానీ ఉద్యోగినీ ఒప్పుకుంటేనే. కావున ఇది ఒప్పందంగా అడగవలసిన విషయం. ఒప్పందమన్నాక ఎదుటివారి అవసరం కూడా చూడాలి గదా.

ఒక ఉదాహరణ చెబుతాము. మా వీధి సోదరి ఒకామె ఆసుపత్రి ల్యాబులో పదకొండేళ్లుగా పని చేస్తున్నది. అత్తగారికి పక్షవాతం వచ్చింది. ఇంట్లో అందరూ ఉద్యోగం మానెయ్యమన్నారు. రాజీనామా రాయించుకోవడానికి మా దగ్గరకు వచ్చింది. "సగం పూట అడిగి చూశావా అమ్మా?" అన్నాము. "నవ్వుతారేమో మాస్టారూ" అన్నది. "సరే, మీ ల్యాబులో రద్దీ ఎప్పుడు?" అని అడిగాము. పరగడుపున రక్తం ఇచ్చేవాళ్లంతా పొద్దున్నే వస్తారట, పదకొండు దాటితే పలచబడుతుందట. అర్జీ ఆ మాటతోనే మొదలుపెట్టాము. ఉదయం ఆరున్నర నుంచి పదకొండు వరకు వస్తానని, మూడు నెలలు చూసి నిర్ణయించమని రాశాము. వాళ్లు నవ్వలేదు, ఒప్పుకున్నారు. ఉదయం పూట అత్తగారిని ఆమె భర్త, మరిది వంతులవారీగా చూసుకుంటున్నారు. ఇది కూడా గమనించండి. ఆమె గంటలు తగ్గడానికి యజమాని ఒక్కడు ఒప్పుకుంటే చాలలేదు, ఇంట్లో మగవాళ్లు కూడా తమ వంతు పని అందుకోవలసి వచ్చింది.

కాబట్టి "నాకు కష్టంగా ఉంది" అని మొదలుపెట్టకండి. ఏ గంటలలో మీ అవసరం వారికి ఎక్కువో, మిగతా పని ఎవరికి ఎలా అప్పగిస్తారో ముందు చెప్పండి. జీతం ఎంత తగ్గుతుందో, ఇల్లు అంతలో గడుస్తుందో లేదో ఇంట్లో కూర్చుని లెక్క వేసుకుని మరీ వెళ్లండి.

ఇక కాగితం సంగతి. 2025లో రంజాన్ నెలకు తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ముస్లిం ఉద్యోగులు మార్చి 2 నుంచి 31 వరకు సాయంత్రం 4 గంటలకే వెళ్లవచ్చునని అందులో ఉన్నది. ఎవరికి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్ని గంటలకు, అన్నీ స్పష్టం. మీ ఒప్పందం కూడా అలాగే ఉండాలి. నోటిమాట మీద గంటలు తగ్గించుకుంటే, రేపు మేనేజరు మారినప్పుడు అడిగే దిక్కు ఉండదు.

ఇప్పుడు గుంతల మాట. మూడు ఉన్నవి.

మొదటిది, కోరిక ఎవరిదన్నది. 2025 నవంబర్ 21 నుంచి అమలులోకి వచ్చిన వేతనాల కోడ్‌లో ఒక నియమం ఉన్నది. రోజు లెక్కన కనీస వేతనం నిర్ణయించిన పనిలో యజమాని పని చూపించలేక మనిషిని ముందే పంపితే, సాధారణంగా ఆ రోజు పూర్తి వేతనం ఇవ్వాలి. పనివాడే ఇష్టం లేక చేయకపోతే ఇవ్వనక్కరలేదు. పాత 1948 చట్టంలోనూ ఈ మాట ఉండేది. కాబట్టి వ్యాపారం మందగించి యజమానే గంటలు తగ్గిస్తూ, "నా కోరికపై తగ్గించండి" అని మీచేత రాయించుకోబోతే సంతకం పెట్టకండి. ఆ ఒక్క మాటతో హక్కు చేజారవచ్చు.

రెండవది గ్రాట్యుటీ. పదిమంది, అంతకు మించి పని చేసే చోట ఇది వర్తిస్తుంది. ప్రైవేటు బడుల టీచర్లకు కూడా వర్తిస్తుందని 2009లో చట్టం సవరించారు, 2022లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. మన ఆడపిల్లలు ఎందరో ఆ బడులలోనే ఉన్నారు గనుక చెబుతున్నాము. ఏడాదికి 15 రోజుల జీతం, నెలకు 26 రోజుల లెక్క. కాని లెక్క కట్టేది చివర తీసుకున్న జీతం మీద. 20 ఏళ్లు చేసినవారికి లెక్కకు వచ్చే జీతం నెలకు 20,800 అయితే 2,40,000 రూపాయలు వస్తాయి. అదే మనిషి ఆఖరి రోజులలో సగం పూటకు మారి 10,400 తీసుకుంటూ దిగిపోతే 1,20,000 మాత్రమే. పూర్తి పూట చేసిన సంవత్సరాలన్నీ సగం ధరకు పోయినట్టే! ప్రమాదం వల్లనో జబ్బు వల్లనో అంగవైకల్యం కలిగి తక్కువ జీతానికి మారినవారికి మాత్రం ముందటి కాలాన్ని ముందటి జీతంతో, తరువాతి కాలాన్ని తగ్గిన జీతంతో లెక్కించాలని చట్టంలోనే ఉన్నది. అదే పద్ధతి మాకూ పాటించండని అర్జీలో అడగండి. చట్టం చెప్పినదానికన్నా మెరుగ్గా ఇవ్వడానికి యజమానికి అడ్డేమీ లేదు.

మూడవది ఈఎస్‌ఐ. జబ్బు చేసినప్పుడు భత్యం రావాలంటే, ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా ఉండాలి. వారానికి మూడు రోజుల పని పెట్టుకుంటే 26 వారాలకు సరిగ్గా 78 రోజులు. జీతం లేని సెలవు ఒక్కటి పెట్టినా లెక్క తప్పుతుంది. రోజూ సగం పూట వెళ్లేవారికి ఈ భయం తక్కువ. భత్యం తగ్గిన జీతం మీదనే వస్తుంది, అది నిజమే. కాని అసలు రాకపోవడం కన్నా మేలు గదా.

అర్జీ పెద్దదిగా ఉండనక్కరలేదు. ఈ మాత్రం చాలు:

"అయ్యా, ఇంటిలో వృద్ధుల అనారోగ్యం వలన ఫలానా తేదీ నుంచి ఆరు నెలలపాటు రోజూ ఉదయం ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకు పని చేయుటకు అనుమతి కోరుచున్నాను. ఈ కాలమునకు జీతము ఇంత. నా సర్వీసు తెగకుండా కొనసాగవలెను. ఇంతవరకు చేసిన సర్వీసుకు గ్రాట్యుటీని పూర్తి జీతముపై లెక్కించ ప్రార్థన. గడువు తీరిన పిమ్మట పూర్తి కాలపు పనికి తిరిగి తీసుకొనగలరు."

దీని మీద యజమాని సంతకం, తేదీ వేయించుకుని, ఒక ప్రతి ఇంట్లో రేషన్ కార్డు పక్కన భద్రంగా పెట్టండి.

యజమాని కాదంటే? కావచ్చు. అప్పుడు మానెయ్యడమా, కొనసాగడమా అన్నది మీ ఇష్టం. అడిగినంత మాత్రాన ఆ రెండు దారులూ మూసుకుపోవు. అయితే అడగకుండా రాజీనామా ఇచ్చినవారు ఇంటి ఖర్చులకు అప్పులు చేయడం, ఏడాది తిరిగేసరికి మళ్లీ కొత్తవాళ్లుగా తక్కువ జీతానికి చేరడం మేము చూస్తూనే ఉన్నాము.

ఇంటి పెద్దలకు చివరగా ఒక విన్నపం. మీ బిడ్డగానీ, కోడలుగానీ, తమ్ముడుగానీ రాజీనామా కాగితం చేతపట్టుకుంటే "మంచిది, మానెయ్" అని వెంటనే అనకండి. ఒక్క వారం ఆగమనండి. లెక్క చూడండి. అర్జీ రాయడం రాకపోతే మా ఇంటికి పంపండి. మగ్రిబ్ తరువాత మేము ఇంట్లోనే ఉంటాము.