స్నానం ఎవరు చేయిస్తున్నారు?

నాకు వైద్యం నేర్పిన మాస్టారి పేరు మీద మాట్లాడమన్నప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆయన వేసే ప్రశ్న. ఎనభై దాటినవాళ్లను ఎవరు తీసుకొచ్చినా, మందుల చీటీ విప్పకముందే అడిగేవారు: "స్నానం ఎవరు చేయిస్తున్నారమ్మా?"

షుగరు, బీపీ ఎంతున్నాయో అడగాల్సిన చోట స్నానం మాటేమిటా అనుకునేవాణ్ణి. తర్వాత సిడ్నీ కాట్జ్ పరిశోధన చదివాను. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో తుంటి విరిగిన ముసలివాళ్లను దగ్గరుండి గమనించి, మనిషి తనంతట తాను ఏయే పనులు చేసుకోగలడో చెప్పే ఒక కొలతను ఆయన బృందం 1963లో ప్రకటించింది. స్నానం, బట్ట కట్టుకోవడం, దొడ్డికి వెళ్లిరావడం, మంచం దిగి కుర్చీలో కూర్చోవడం, మలమూత్రాలు ఆపుకోవడం, అన్నం తినడం. ఈ ఆరింటిలో సాధారణంగా ముందు చేజారేది స్నానం, చివరిదాకా నిలిచేది తిండి. కోలుకునేటప్పుడు ఇదే వరస తిరగబడుతుంది.

స్నానమే ఎందుకు ముందు? తడినేల మీద నిలదొక్కుకోవాలి, వంగాలి, చెంబెత్తాలి, వేణ్ణీళ్లూ చన్నీళ్లూ తొరుపుకోవాలి, ఒళ్లు రుద్దుకోవడం అయిందో లేదో గుర్తుండాలి. మోకాళ్లు, గుండె, చూపు, మతి అన్నీ ఒక్కసారే పనిచేయాలి. మనం ఒక్కోదానికీ ఒక్కో డాక్టరును, ఒక్కో ఫైలును పెట్టుకున్నాం. స్నానాలగది గుమ్మం దాటి లోపలికెళ్లే మనిషి మాత్రం ఒక్కరే.

మతికీ మిగతా జబ్బులకూ ఉన్న లంకె ఎంత గట్టిదో అమెరికాలో డేవిడ్ స్నోడన్ మొదలుపెట్టిన అధ్యయనం చూపించింది. 75 దాటిన 678 మంది క్రైస్తవ సన్యాసినులు ఏటేటా పరీక్షలకు కూర్చున్నారు, చనిపోయాక మెదడు ఇవ్వడానికీ ఒప్పుకున్నారు. వారిలో 101 ఏళ్లు బతికిన సిస్టర్ మేరీ మెదడులో అల్జైమర్స్ గుర్తులు దండిగా కనిపించాయి. అయినా బతికున్నన్నాళ్లూ ఆమె పరీక్షల్లో చక్కగా జవాబు చెప్పింది. 1997లో వెలువడిన ఫలితం ఇంకా ముఖ్యం. అల్జైమర్స్ గుర్తులున్నవాళ్లలో, మెదడులోపల చిన్నచిన్న పక్షవాతపు మచ్చలు కూడా ఉన్నవాళ్లే ఎక్కువగా మతి కోల్పోయారు. అలాంటి మచ్చలకు అదుపు తప్పిన బీపీ పెద్ద కారణం. నలభై ఏళ్లప్పుడు "నాకేం బాధ లేదులే" అని మానేసిన మాత్రకు మెదడు చివర్లో లెక్క చెప్పాల్సి రావచ్చు.

మతి తప్పడాన్ని వెనక్కి నెట్టేవీ ఉండవచ్చు. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం మతి క్షీణించే జబ్బు, డిమెన్షియా, ఉన్న 648 మంది రోగులను పరిశీలించి 2013లో రాసిన మాట నాకెంతో ఇష్టం. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి గడప తొక్కనివాళ్లలోనూ ఆ తేడా ఉంది.

మన దేశంలో అరవై దాటినవాళ్లలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉందని 2023లో అంచనా వేశారు. ఇంట్లోవాళ్లకు నేను చెప్పేవి రెండే. నిన్నటిదాకా బాగున్న మనిషి రెండు రోజుల్లో అయోమయంగా మాట్లాడితే "వయసు మీద పడింది" అని ఊరుకోకండి. అది మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు, సోడియం తగ్గి ఉండవచ్చు, కొత్తగా వేసిన నిద్రమాత్ర కావచ్చు. వెంటనే చూపించండి. రెండోది, ప్రేమతో తొందరపడకండి. పది నిమిషాలు పట్టినా చొక్కా గుండీలు తానే పెట్టుకోగల తండ్రికి మనం నిమిషంలో పెట్టేస్తాం. కొన్నాళ్లకు ఆయనకు నిజంగానే చేతకాకుండా పోతుంది.

ఒకసారి మాస్టారి దగ్గరికి తొంభైకి దగ్గరపడిన ఒక పెద్దావిడను కొడుకూ కోడలూ తీసుకొచ్చారు. "స్నానానికి రమ్మంటే మమ్మల్ని కొడుతోందండీ. చాదస్తం ముదిరిపోయింది" అన్నాడు కొడుకు. మాస్టారు అలవాటుగా స్నానం సంగతి తవ్వారు. కొత్త ఇంట్లో షవరు పెట్టించారట. ఆవిడకు రెండు కళ్లలోనూ శుక్లాలు, చెవులు అంతంతమాత్రం. ఎవరో పట్టుకుని నిలబెడితే నెత్తిమీద హఠాత్తుగా నీళ్లు పడుతున్నాయి. మాస్టారు బకెట్టు, చెంబు, ఎత్తుపీట పెట్టమన్నారు. భుజాలమీద తువ్వాలు కప్పి, చెంబు ఆవిడ చేతికే ఇమ్మన్నారు.

రెండు వారాలకు మళ్లీ వచ్చారు. కొడుకును ఆవిడ ఇంకా తన తమ్ముడి పేరుతోనే పిలుస్తోంది. కోడలు మాత్రం నవ్వుతూ చెప్పింది: "నీళ్లు మరీ కాగిపోయాయని నిన్న నన్ను కసిరారండీ, అత్తయ్య." మాస్టారు పాత మందులే కొనసాగించమని, కేసు షీటులో ఒక్క లైను చేర్చారు.

"స్నానం: తానే. పీట మీద."