ముందే ఆపగల జబ్బు

(డయోసీసు శతవార్షికోత్సవ సందర్భమున స్త్రీల మైత్రి సభ్యులు, సంఘపెద్దలు కలిసిన సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన ఆసుపత్రులను గురించి, ఊరూరా తిరిగిన నర్సమ్మలను గురించి నాకు ముందు మాట్లాడినవారు చాలా చెప్పియున్నారు. నాకిచ్చిన అంశం ప్రజారోగ్యం. అది సముద్రం వంటిది. అందుచేత ఒకే ఒక్క జబ్బును తీసుకొని మాట్లాడదలచాను. అది గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సరు. ప్రార్థన మనవుల చీటీలో కూడా మనవాళ్ళు దీనిని “కడుపునొప్పి” అనే వ్రాస్తారు. గురువు ఈ మాటను వేదిక మీద నుండి పలకడం కొందరికి ఎబ్బెట్టుగా తోచవచ్చును. తోచనివ్వండి.

2022వ సంవత్సరపు అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఈ జబ్బు కొత్తగా బయటపడింది. దాదాపు 80,000 మంది చనిపోయారు. ప్రపంచమంతటా ఆ ఏడాది చనిపోయినవారు సుమారు మూడున్నర లక్షలు. వారిలో నూటికి 94 మంది బీద దేశాలవారు, మధ్యతరగతి దేశాలవారు. జబ్బు అందరికీ వచ్చేదే అయినా చావు మాత్రం ఇల్లు చూసుకొని వస్తున్నదన్న మాట.

ఇందులో నన్ను ఎక్కువగా బాధించేది ఒకటున్నది. క్యాన్సర్లన్నిటిలోను ముందుగా ఆపడానికి ఇంత వీలున్నవి చాలా తక్కువ. దీనికి కారణం హెచ్.పి.వి. అనే వైరస్. ఈ సంగతి కనిపెట్టిన జర్మన్ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ త్సూర్ హౌజెన్ గారికి 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. వైరస్ దాంపత్య సంబంధం ద్వారా సోకుతుంది. పెళ్ళయిన వారిలో ఎక్కువమందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సోకి, ఒకటి రెండేళ్ళలో దానంతటదే పోతుంది. కొద్దిమందిలో మాత్రం పోకుండా నిలిచి, పదిహేను ఇరవై ఏళ్ళకు క్యాన్సరుగా మారుతుంది. కాబట్టి ఈ జబ్బు వచ్చిన సహోదరి నడవడిని గురించి గుసగుసలాడేవారు ముందు ఈ లెక్క నేర్చుకోవాలి. వైరస్‌ను ఇంటికి తెచ్చినది ఎవరో చెప్పగల పరీక్ష ఏదీ లేదు.

పదిహేను ఇరవై ఏళ్ళంటే ఎంత గడువు! ఆ గడువులో ఒక్కసారి పరీక్ష జరిగినా చాలామంది బ్రతుకుతారు. ఇది నా ఊహ కాదు, మన పొరుగునే రుజువైన సంగతి. ఒకప్పుడు నిజాం రాజ్యంలో మనతో కలిసియున్న ఉస్మానాబాద్ జిల్లాలో (2023 నుండి దానిని ధారాశివ్ అంటున్నారు) 30 నుండి 59 ఏళ్ళ వయస్సుగల 1,31,746 మంది గ్రామీణ స్త్రీలను నాలుగు గుంపులుగా చేసి పరిశోధన జరిపారు. ఫలితాలు 2009లో వెలువడ్డాయి. హెచ్.పి.వి. పరీక్ష ఒక్కసారి చేసిన గుంపులో తరువాతి ఎనిమిదేళ్ళలో ఈ క్యాన్సరుతో చనిపోయినవారు 34 మంది. ఏ పరీక్షా చేయని గుంపులో 64 మంది.

ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రివారు ఇంకా చౌకయిన పద్ధతిని పరీక్షించారు. గర్భసంచి ముఖద్వారానికి పలుచని వెనిగర్ వంటి ద్రావకం పూసి ఒక నిమిషం ఆగితే, తేడా ఉన్న చోట తెల్లగా కనబడుతుంది. ఈ పని చేసినవారు డాక్టర్లు కారు. పదవ తరగతి చదివి నాలుగు వారాల శిక్షణ పొందిన స్థానిక స్త్రీలు. రెండేళ్ళకొకసారి చొప్పున నాలుగు సార్లు చేసిన ఈ పరీక్షవల్ల మరణాలు నూటికి 31 వంతులు తగ్గాయని 2014లో ప్రకటించారు. పోల్చి చూడటానికి పరీక్ష చేయకుండా ఉంచిన స్త్రీలకు అన్యాయం జరగలేదా అని ఈ పరిశోధనలపై విమర్శ వచ్చింది. ఆ విమర్శ ఊరకనే వచ్చినది కాదు. అయినా వారు నేర్పిన పాఠాన్ని ఆచరించకపోతే అన్యాయం రెండింతలవుతుంది.

మరి ఆచరించామా? కేంద్ర ప్రభుత్వం 2016లోనే 30 నుండి 65 ఏళ్ళ స్త్రీలందరికీ అయిదేళ్ళకొకసారి ఈ వెనిగర్ పరీక్ష చేయాలని మార్గదర్శకాలు ఇచ్చింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో జన్మలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరని తేలింది. మన రెండు తెలుగు రాష్ట్రాలలో నూటికి అయిదుగురు లేరు.

వేల్స్‌లోని గని కార్మికుల గ్రామంలో వైద్యం చేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు 1971లో ఒక సూత్రం చెప్పారు. వైద్యం ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే తక్కువ దొరుకుతుందని దాని భావం. చర్ల నుండో వెంకటాపురం నుండో ఒక కూలితల్లి హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆసుపత్రికి రావాలంటే మూడు వందల కిలోమీటర్లు దాటి రావాలి. రెండు మూడు రోజుల కూలి పోతుంది. తోడు వచ్చే మగవాని కూలి కూడా పోతుంది. నొప్పి లేదు గనుక ఎందుకు పోవాలంటారు. నొప్పి పుట్టేసరికి గడువు దాటిపోతుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు అప్పుడు ఆపరేషనుకు, కరెంటు చికిత్సకు డబ్బు ఇస్తాయి. మంచిదే. కాని కొద్దిపాటి వెనిగరుతో ఆగవలసినది లక్షల దాకా పోయిన తరువాత ఇచ్చే డబ్బు అది.

ఇక టీకా సంగతి. ఇక్కడ మన ప్రాంతానికి ఒక గాయమున్నది. దానిని దాటవేసి మాట్లాడడం నాకిష్టం లేదు.

2009 జూలైలో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుండి 14 ఏళ్ళ బాలికలు సుమారు 14,000 మందికి ఈ టీకా వేయించారు. వారిలో చాలామంది హాస్టళ్ళలో ఉండి చదువుకొనే గిరిజనుల పిల్లలు. ఇక్కడా, గుజరాత్‌లోనూ కలిపి ఏడుగురు బాలికలు మరణించగా 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపివేశారు. విచారణ సంఘం ఆ మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదన్నది. పాముకాటు, నీట మునగడం, పురుగుమందు, మలేరియా వంటి కారణాలు బయటపడ్డాయి. కాని అదే విచారణలో మరొక సంగతి కూడా తేలింది. తల్లిదండ్రులు చేయవలసిన సంతకాలు అనేకచోట్ల హాస్టల్ వార్డెన్లు చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీనిని తీవ్రంగా తప్పుపట్టింది.

టీకా మంచిదే, నేను నమ్ముచున్నాను. అయినా బిడ్డ తల్లికి తెలియకుండా బిడ్డ చేతికి సూది గుచ్చే అధికారం ఎవరికీ లేదు. తల్లి చదువుకోనిదైతే ఆమెకు చెప్పడానికి ఎక్కువ సమయం పడుతుంది, అంతే. ఆ రోజు అడగకపోయినందున తరువాత ఎన్నో ఏళ్ళు మంచి టీకా పేరెత్తినా జనం అనుమానంగా చూశారు.

ఆ ఏప్రిల్ ఉత్తరువువల్ల దేశంలో మరొక పరిశోధన కూడా మధ్యలో ఆగింది. అందులో రెండు మూడు మోతాదులు పొందవలసిన వేలమంది బాలికలకు ఒక్కటే అందింది. వారిని విడిచిపెట్టకుండా పదేళ్ళు గమనించగా, ఒక్క మోతాదు కూడా దాదాపు అంతే కాపాడుతున్నదని 2021లో తేలింది. ఇటువంటి ఋజువులను బట్టి చిన్న బాలికలకు ఒక్క మోతాదు చాలునని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంగీకరించింది. వలసపోయే కుటుంబాల పిల్లలను మూడుసార్లు వెదికి పట్టుకోవడం ఎంత కష్టమో మనకు తెలుసు. స్కాట్లండ్‌లో 12, 13 ఏళ్ళకే టీకా పొందినవారిలో ఈ క్యాన్సరు ఒక్కరికీ కనబడలేదని 2024లో ప్రకటించారు. అక్కడ ఎక్కువ మేలు పొందినవారు బీద వాడల స్త్రీలు. సిక్కింలో 2018లోనే నూటికి 95 మందికి పైగా బాలికలకు వేశారు. పుణెలోని సీరమ్ సంస్థ తయారుచేసిన దేశీయ టీకాకు 2022లో అనుమతి వచ్చింది.

ఇప్పుడు మన పని. ముప్పయి దాటిన ప్రతి సహోదరి, టీకా వేసుకున్నా వేసుకోకపోయినా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోయి పరీక్ష అడగాలి. ఒంటరిగా పోవడానికి సిగ్గయితే స్త్రీల మైత్రి నుండి పదిమంది కలిసి పోవాలి, ముందుగా ఆశా కార్యకర్తతో మాట్లాడి లేడీ డాక్టరు గాని నర్సు గాని ఉండే రోజు తెలుసుకోవాలి. ముట్లుడిగిన తరువాత రక్తం కనబడినా, దుర్వాసనతో తెల్లబట్ట అవుతున్నా, భర్తతో కలిసిన తరువాత రక్తం వచ్చినా పరీక్ష రోజు దాకా ఆగవద్దు. హెచ్.ఐ.వి. ఉన్నవారికి ప్రమాదం ఆరింతలు, వారు మరింత ముందుగా, తరచుగా చేయించుకోవాలి. సహోదరులారా, ఆ రోజు పొయ్యి మీరు వెలిగించండి.

మన బోర్డింగ్ హాస్టళ్ళ మేనేజర్లకు ఒక మనవి. టీకా కార్యక్రమం వచ్చినప్పుడు వార్డెనమ్మ పెన్ను తీయకూడదు. తల్లిదండ్రులను పిలిపించి, తెలుగులోను, ఏజెన్సీ సంఘాలవారికి కోయ భాషలోను చెప్పించండి, ప్రశ్నలు అడగనివ్వండి, వద్దన్నవారి బిడ్డను వేరుగా చూడకండి. ఆ సమావేశం మిరప కోతల నెలల్లో మాత్రం పెట్టవద్దు. అప్పుడు ఏ తల్లీ కూలి వదులుకొని రాలేదు. ఆదివారం ఆరాధన అయిన వెంటనే పెట్టుకొంటే, ప్రసంగం తగ్గించి అరగంట ముందే ముగించడానికి గురువులం మేము సిద్ధంగా ఉన్నాము.