తోకచుక్క మీద పనిచేసిన భాష

ఖగోళ శాస్త్రవేత్త వైను బాపు స్మారక సభలో కంప్యూటర్ భాష గురించి ఉపన్యాసమేమిటని ఎవరికైనా అనిపిస్తే దానికి జవాబు దగ్గర్లోనే ఉంది. హైదరాబాద్‌లో వెంగళరావు నగర్ నుంచి అమీర్‌పేట దాటితే బేగంపేట వస్తుంది. అక్కడి నిజామియా వేధశాలలో బాపు తండ్రి పనిచేశారు. కొడుక్కి నక్షత్రాల పిచ్చి అక్కడే పట్టుకుంది. 1949లో హార్వర్డ్‌లో చదువుకుంటూ ఆయన ఒక తోకచుక్కను కనిపెట్టారు. దానికి బాపు–బాక్–న్యూకర్క్ అని పేరు పెట్టారు. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడయ్యారు. అంతకు మూడేళ్ల ముందే, 1976లో, ఆ సంఘం ఫోర్త్ అనే భాషను ప్రామాణిక భాషగా స్వీకరించింది.

ఫోర్త్‌ను చార్లెస్ మూర్ తయారుచేశాడు. 1970ల మొదట్లో అమెరికాలోని కిట్ పీక్ కొండ మీద ఉన్న రేడియో టెలిస్కోపును ఒక చిన్న కంప్యూటర్ నడిపించాలి. యాంటెన్నాను తిప్పడం, కొలతలు నమోదు చేయడం, ఫలితాలను తెరమీద చూపించడం, అన్నీ ఒకేసారి జరగాలి. పైగా ఏ శాస్త్రవేత్త అవసరం ఆ శాస్త్రవేత్తది. ప్రోగ్రామ్‌ను వేరేచోట రాసి, తెచ్చి ఎక్కించి, తప్పు దొరికితే మళ్లీ మొదలుపెట్టేంత తీరిక అక్కడ ఉండదు. అందుకే మూర్ భాషను యంత్రంలోనే కూర్చోబెట్టాడు. కొత్త ఆదేశాన్ని టైపు చేసిన మరుక్షణం దాన్ని పరీక్షించవచ్చు.

పెళ్లి భోజనాల దగ్గర పళ్లేల దొంతరలో చివర పెట్టినదే ముందు చేతికొస్తుంది. ఫోర్త్‌లో అంకెలను ఉంచే స్టాక్ కూడా అంతే. మూడు, నాలుగు, ఆ తర్వాత కూడిక గుర్తు: క్రియ చివర. కూడిక గుర్తు రాగానే పైనున్న రెండు అంకెలు పోయి ఏడు మిగులుతుంది. ఇంత సాదా నిర్మాణం కాబట్టే భాష మొత్తం కొద్ది కిలోబైట్లలో ఇమిడిపోతుంది.

ఆ పొదుపు ఎంత దూరం వెళ్లిందో చెప్పడానికి ఫిలే ఒక్కటి చాలు. 2014 నవంబర్ 12న చుర్యుమోవ్–గెరసిమెంకో తోకచుక్క మీద దిగిన ఈ ల్యాండర్‌లో ఆదేశాలను, సమాచారాన్ని చూసుకునే కంప్యూటర్లో రెండు హారిస్ ఆర్‌టీఎక్స్ 2010 చిప్‌లున్నాయి. ఫోర్త్‌ను నేరుగా నడిపించేందుకే పుట్టిన చిప్‌లవి. రేడియేషన్‌ను తట్టుకుంటాయి, కరెంటు తక్కువ తాగుతాయి. నేలను పట్టుకోవాల్సిన కొక్కేలు పేలక ఫిలే ఎగిరెగిరి పడి నీడలో చిక్కుకుంది. అక్కడి సంకేతం భూమిని చేరడానికి 28 నిమిషాలు పట్టేది. అయినా బ్యాటరీ ఉన్న రెండు రోజుల పైచిలుకు కొలతలు పంపుతూనే ఉంది. ఒక తోకచుక్కను కనిపెట్టినవాడి సభలో ఈ సంగతి తప్పకుండా చెప్పుకోవాలి.

భూమ్మీద కూడా ఫోర్త్ జాడలు, దాని స్టాక్ పద్ధతి జాడలు చాలా ఉన్నాయి. సన్ వర్క్‌స్టేషన్లను, తర్వాత ఆపిల్ పవర్ మాక్‌లను మేలుకొలిపిన ఓపెన్ ఫర్మ్‌వేర్ ఫోర్త్‌లో రాసిందే. 1994లో అది ఐఈఈఈ ప్రమాణమైంది. ఫిలింనగర్ సినిమాల పోస్టర్లు ముద్రణ ప్లేట్ల మీదికి ఎక్కే ముందు దాటిన పోస్ట్‌స్క్రిప్ట్ ఫోర్త్ కాకపోయినా స్టాక్ భాషే. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో నేర్చుకునే జావా కూడా లోపల బైట్‌కోడ్‌గా మారి స్టాక్ యంత్రం మీదే నడుస్తుంది. దాని చిన్న రూపమైన జావా కార్డ్ సిమ్‌లలో, బ్యాంకు కార్డుల్లో పనిచేస్తోంది.

చిన్న చిప్‌లను, బోర్డులను నడిపించే రంగంలో సీ భాషదే రాజ్యమన్నది నిజం. చిప్ కంపెనీలు లైబ్రరీలన్నీ సీలోనే ఇస్తాయి. ఫోర్త్ టైపుల తప్పులను పట్టిచ్చే భాష కాదు, ఒకరు రాసింది మరొకరికి అర్థం కావాలంటే గట్టి క్రమశిక్షణ కావాలి. కానీ కొత్త బోర్డుకు ప్రాణం పోసే మొదటి రోజుల్లో దానికి సాటి వచ్చేది అరుదు. కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే ఆర్డుయినో ఊనోలో ఫ్లాష్ 32 కిలోబైట్లు, ర్యామ్ 2 కిలోబైట్లు. అందులో ఫ్లాష్‌ఫోర్త్ అనే ఫోర్త్ రూపాన్ని ఎక్కించి సీరియల్ కేబుల్ తగిలిస్తే, పిన్ వోల్టేజీ మార్చమని, సెన్సర్ విలువ చెప్పమని బోర్డునే అడగవచ్చు. మళ్లీ కంపైల్ చేయనక్కర్లేదు. ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో కనీసం ఒక వారమైనా విద్యార్థుల చేత ఈ పని చేయించాలి.