ఒక్క రాత్రి తేడా

రాయ్‌పూర్‌లో ధమ్తరీ రోడ్డు మీద వెళ్తుంటే షదాణీ దర్బార్ అనే సింధీ హిందువుల ఆధ్యాత్మిక కేంద్రం కనిపిస్తుంది. దాని మూలపీఠం పాకిస్తాన్‌లో, సింధ్‌లోని హయాత్ పితాఫీ అనే ఊళ్లో ఉంది. అటు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన సింధీ హిందువులకు భారత పౌరసత్వం ఏళ్ల తరబడి ఎదురుచూపే.

మామూలుగా విదేశీయులు పౌరసత్వం అడగాలంటే దాదాపు 12 ఏళ్లు ఇక్కడ నివసించి ఉండాలి. 2016 డిసెంబరులో కేంద్రం రాయ్‌పూర్‌తో సహా 16 జిల్లాల కలెక్టర్లకు ఇలా వచ్చినవారి పౌరసత్వ దరఖాస్తులపై అధికారం ఇచ్చింది. దాంతో ఫైలు ఢిల్లీ దాకా వెళ్లే తిప్పలు కొంత తగ్గాయి.

2019 పౌరసత్వ సవరణ చట్టం పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్‌ల నుంచి వచ్చిన హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్సీలు, క్రైస్తవులకు నివాస గడువును ఐదేళ్లకు కుదించింది. ముస్లింలను చేర్చలేదని దేశమంతటా నిరసనలు జరిగాయి, కేసు సుప్రీంకోర్టుకూ వెళ్లింది. తమాషా ఏమిటంటే, గడువు తగ్గించిన చట్టానికి నిబంధనలు రావడానికే నాలుగేళ్లు దాటింది. అవి 2024 మార్చి 11న వెలువడ్డాయి.

ఇప్పుడు దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. పత్రాలు పరిశీలించి ప్రమాణం చేయించే జిల్లా కమిటీకి పెద్ద ఎవరనుకున్నారు? తపాలా సూపరింటెండెంటు! తుది నిర్ణయం రాష్ట్రస్థాయిలో జనగణన డైరెక్టరు అధ్యక్షతన ఉండే కమిటీది.

అయితే ఈ ఐదేళ్ల వెసులుబాటు 2014 డిసెంబరు 31లోపు వచ్చినవారికే. ఆ మర్నాడు సరిహద్దు దాటినవారికి పాత లెక్కే, ఆ పన్నెండేళ్లే. 2025 సెప్టెంబరులో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ఇవే వర్గాల్లో 2024 చివరి దాకా వచ్చినవారికి పాస్‌పోర్టు, వీసా లేకున్నా ఉండే వీలిచ్చింది. పౌరసత్వం మాత్రం ఇవ్వలేదు.